పుంజు ఉంటే కోళ్లకు కాపలా ఉన్నట్టేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

హొసకోట దాటాక మాలూరు రోడ్డు పక్కన మాకు అర ఎకరం ఉంది. మదనపల్లె నుంచి వచ్చేటప్పుడు రెండు గంపల్లో నాటు కోళ్లు తెచ్చుకున్నాం, వాటి సంతతే ఇంకా మా దొడ్లో తిరుగుతోంది. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. బెంగుళూరు నుంచి శనాదివారాలు వచ్చి ప్లాట్లలో నాలుగు కోళ్లు వేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లల్లోనూ మనవాళ్లు బాగానే ఉన్నారు. అందరూ ఫోన్ చేసి తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "అక్కా, పుంజును పెడితే కుక్కలూ గద్దలూ రావు కదా?" చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## పుంజును తెచ్చే ముందు

పుంజు నిజంగా కోళ్లను కాపాడుతుందా, లేక ఊరికే అంటారా?

కాపాడుతుంది, మనం ఊహించుకునే తీరులో మాత్రం కాదు. పుంజు కాపలా అనగానే సంక్రాంతి బరిలో ఎగిరి తన్నే కోడి గుర్తొస్తుంది. అసలు పని చూడటం, అరవడం. పెట్టలు తల దించి గింజలు ఏరుకుంటూ ఉంటే పుంజు రెండు ముక్కలు తిని తల ఎత్తుతుంది, నాలుగడుగులు వేసి మళ్లీ ఎత్తుతుంది. ఏదైనా కనబడితే కేక పెడుతుంది. ఆ కేకకీ దాడికీ మధ్య దొరికే మూడు నాలుగు సెకన్లే పుంజు మనకిచ్చేది. ఆ లోపల దూరడానికి పక్కన పొదో బల్లో ఉంటే పెట్ట బతుకుతుంది. ఖాళీ సిమెంటు నేల మీద ఎంత మంచి పుంజు అరిచినా పెట్ట ఎక్కడికి పోతుంది? అందుకే పుంజు కొనే ముందు దొడ్డి ఒకసారి చూసుకోమంటాను.

మాకున్నవి ఆరు పెట్టలే. గుడ్ల కోసం పుంజు ఉండి తీరాలా?

అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల కాదంతే. పిల్లలు కావాలంటేనో, పగలు బయట వదిలే అలవాటు ఉంటేనో పుంజు గురించి ఆలోచించండి. కోళ్లు రోజంతా పైకప్పున్న జాలీలోనే ఉంటే దానికి కూత తప్ప పెద్దగా పనుండదు.

పుంజు లేని మందలో పెట్టలు దిక్కులేనివేనా?

కాదు. మందలో పెత్తనం చేసే పెట్ట ఒకటి ఉంటుంది, చాలాసార్లు అదే కాపలా కూడా మీద వేసుకుంటుంది. తల ఎత్తి చూస్తుంది, అనుమానం వస్తే అరుస్తుంది. ముసలి పెట్టల్లో ఒక్కోటి గొంతు పెగలకపోయినా పుంజులా కూయబోతుంది కూడా. "పెట్ట కూసింది, అరిష్టం" అని మా అత్తగారి కాలంలో దాన్ని ఆ పూటే కోసేసేవాళ్లు. పాపం, ఇంట్లో మగదిక్కు లేక ఆ పని కూడా తనే చేస్తోందంతే. అయితే గుడ్లు పెట్టే పెట్టకు తిండి ఎక్కువ కావాలి కాబట్టి తల దించి ఉండే సమయమే ఎక్కువ. పుంజుకు ఆ బరువు లేదు.

కాపలాకు ఏ జాతి పుంజు మంచిది?

జాతి కన్నా ఆ కోడి పెరిగిన తీరు ముఖ్యం. తల్లి వెంట ఆరుబయట తిరిగి పెరిగిన నాటు పుంజుకు ఆకాశం వైపు ఒక కన్ను ఎప్పుడూ ఉంటుంది. షెడ్డులో లైటు కింద పెరిగినదానికి గద్ద అంటే ఏమిటో తెలియడానికి టైం పడుతుంది.

పందేల జాతి అసీల్ ధైర్యానికి పెట్టింది పేరు, కానీ పక్క పుంజును బతకనివ్వదు. గిరిరాజా ఇక్కడే, హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో తయారైన రకం. ఒళ్లు బరువు, నెమ్మదస్తుడు, నాటు కోడిలా ఎగిరి కొమ్మ ఎక్కలేదు. హైదరాబాదు రాజేంద్రనగర్ నుంచి వచ్చిన వనరాజా కూడా బరువైన రకమే. కడక్‌నాథ్ చురుకే, కానీ ఆ పెట్టలు సరిగా పొదగవు, పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ సంగతి చూసుకోవాలి. మొదటిసారి పెంచేవాళ్లకు నా సలహా మామూలు నాటు పుంజే.

"గార్డ్ కోడి, కుక్కను కూడా తరుముతుంది" అని చెప్పి ఒకాయన నాకు 1,800 రూపాయలకు ఒక ఎర్ర పుంజును అంటగట్టాడు. చూడ్డానికి రాజులా ఉండేది. దాని సంగతి కుక్కల ప్రశ్న వచ్చినప్పుడల్లా నవ్వుతూ చెబుతుంటాను, అప్పట్లో మాత్రం ఏడుపే.

ఎన్ని పెట్టలకు ఒక పుంజు? రెండుంటే కాపలా రెట్టింపవుతుందా?

ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒకటి సరిపోతుంది. మూడు నాలుగు పెట్టలకే ఒక పుంజు ఉంటే అది వాటినే ఎక్కి ఎక్కి వీపు మీద ఈకలు ఊడగొడుతుంది, చర్మం చీరుకుపోతుంది. అప్పుడు శత్రువు ఇంట్లోనే ఉన్నట్టు.

రెండు పుంజుల కాపలా రెట్టింపేమీ కాదు. వాటి కళ్లు ఆకాశం మీద కన్నా ఒకదాని మీద ఒకటి ఎక్కువ ఉంటాయి. స్థలం పెద్దదై, ఒకటి రెండోదానికి లొంగి ఉంటే ఫరవాలేదు. తండ్రీ కొడుకులు కలిసి పెరిగితే కొన్నాళ్లు నడుస్తుంది, కొడుక్కి కాలి వెనక ముల్లు గట్టిపడేదాకా.

మాది లేఅవుట్. పుంజు కూతకు పక్కింటివాళ్లు గొడవ చేస్తారా?

చేస్తారు. చేసినా తప్పనలేం. దగ్గర నుంచి కొలిస్తే పుంజు కూత 100 డెసిబెల్స్ దాటుతుంది. శబ్ద కాలుష్యంపై 2000 నాటి నిబంధనల్లో నివాస ప్రాంతానికి పెట్టిన హద్దు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. "నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదా" అనుకున్న ముసలమ్మలా మనం ఉండకూడదు, వైట్‌ఫీల్డ్‌లో నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నవాళ్లకు అలారం వాళ్ల ఫోన్లోనే ఉంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో పుంజు వద్దు. పెట్టలకు గట్టి జాలీ కట్టండి, అదే కాపలా.

## తెచ్చాక తొలి నెలలు

కొత్త పుంజును నేరుగా మందలో వదిలేయొచ్చా?

వద్దు. రెండు మూడు వారాలు విడిగా ఉంచండి. సంతలో కొన్నదాంతో పాటు కొక్కెర తెగులు కూడా ఇంటికి రావచ్చు, అదే రాణిఖేత్. టీకా వేయించారో లేదో అమ్మేవాడి మాట నమ్మకుండా మీరే పశువుల డాక్టరును అడిగి వేయించుకోండి. ఆ రోజుల్లో పెట్టలకు కనబడేలా జాలీ అవతల కట్టేస్తే పరిచయం కూడా అవుతుంది. తర్వాత సాయంత్రం గూటికి చేరే వేళ కలపండి, తెల్లారేసరికి గొడవ సగం తగ్గుతుంది.

మా పుంజుకు అయిదు నెలలు. గద్ద నీడ పడగానే పెట్టల కన్నా ముందు అదే పారిపోయింది. పనికిరాదా?

అయిదు నెలలంటే గొంతు విరిగిన కుర్రాడు. అప్పుడప్పుడే కూత నేర్చుకుని ఉంటుంది, ముల్లు ఇంకా మొటిమలా ఉంటుంది. ఏడాది దాటనివ్వండి. ఈలోగా రెండు గుర్తులు చూడండి. పురుగో గింజో దొరికితే తను మింగకుండా, ముక్కుతో ఎత్తి పడేస్తూ "కుక్ కుక్ కుక్" అని పెట్టల్ని పిలుస్తోందా? పెట్టలు దూరంగా పోతే వెంట వెళ్తోందా? ఈ రెండూ ఉంటే మంచి కాపలా అవుతుందని ఆశ పెట్టుకోవచ్చు. ఒక్కటే మూల నిలబడి కూసుకుంటూ, పెట్టల్ని ఎక్కడానికి మాత్రమే దగ్గరికి వచ్చేదాన్ని నేనైతే ఎక్కువ రోజులు మేపను.

మనుషుల మీదికి ఎగిరే పుంజే మంచి కాపలా పుంజంటారు. నిజమేనా?

కాదు. మనిషి మీదికి రావడం వేరు, కుక్కకు ఎదురు నిలవడం వేరు. మా ఇంట్లో పాలబ్బాయిని రోజూ తన్నిన పుంజు పక్కింటి పిల్లిని చూసి అటక ఎక్కింది. చిన్న పిల్లలుంటే ఇలాంటిది ఇంట్లో పెట్టుకోవద్దు, ముల్లు సరిగ్గా పిల్లల ముఖం ఎత్తులో తగులుతుంది. పెద్దవాళ్లయితే పరుగెత్తకండి, తిరిగి తన్నకండి. మీరు తన్నిన ప్రతిసారీ దానికి అది పందెమే. మెల్లగా పట్టుకుని రెక్కలు అదిమి చంకలో పెట్టుకుని పది నిమిషాలు తిరగండి. కొన్ని దారికొస్తాయి. రాని వాటికి ఏం చేస్తామో మన తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

## పగటి వేళ

పుంజు అరుపుల్లో తేడా ఉంటుందట. గద్దకొకటి, కుక్కకొకటి. నిజమా?

నిజమే. నెల రోజులు గమనిస్తే మీకే పట్టుబడుతుంది. ఆకాశంలో గద్ద కనబడితే పుంజు గొంతులోంచి సన్నగా, సాగదీసినట్టు ఒక కీచు వస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం మనకే కష్టం. నేల మీద కుక్కో పిల్లో కనబడితే "కట్ కట్ కట్ కటాక్" అని ఊరంతా వినబడేలా ఆగకుండా అరుస్తుంది. మొదటిదానికి పెట్టలు ఒంగి పొదలోకి పరుగెత్తుతాయి, లేదా ఉన్నచోటే నేలకు అతుక్కుపోతాయి. రెండోదానికి మెడ నిక్కించి నిలబడి నాలుగు వైపులా చూస్తాయి.

క్రిస్టఫర్ ఎవాన్స్, లిండా ఎవాన్స్, పీటర్ మార్లర్ 1993లో అచ్చు వేసిన పరిశోధనలో ఈ అరుపుల్ని రికార్డు చేసి, ఎదురుగా గద్దా కుక్కా ఏదీ లేకుండా పెట్టలకు వినిపించారు. కనబడకపోయినా ఏ అరుపుకు ఆ పనే చేశాయి. అంటే అరుపులో భయం ఒక్కటే కాదు, కబురు కూడా ఉంది. అంతకు ముందు 1980ల్లో మార్లర్ బృందం ఇంకో సంగతి చూసింది: పక్కన పెట్టలుంటేనే పుంజు గద్దను చూసి బాగా అరుస్తుంది, ఒంటరిగా ఉంటే చాలావరకు నోరు మూసుకుంటుంది. వినేవాళ్లు లేనిచోట అరిచి తన జాడ చెప్పుకోవడం దేనికని!

మా దొరను ("దొర" మా పాత పుంజు పేరు) ఒక మధ్యాహ్నం దగ్గర నుంచి చూశాను. రాగులు చల్లాను. పెట్టలన్నీ ముక్కు నేలకు పెట్టాయి. దొర మాత్రం తల పక్కకు వంచి ఒక్క కన్ను పైకి పెట్టింది. నాకేమీ కనబడలేదు. ఆ సన్నటి కీచు వచ్చింది. కళ్లు మూసి తెరిచేలోగా దొడ్డి ఖాళీ. మందార చెట్టు కింద ఏడు పెట్టలు బొమ్మల్లా ఉన్నాయి, ఒకదాని ముక్కున రాగి గింజ అలాగే ఉంది, మింగలేదు. అప్పుడు కనబడింది నాకు గద్ద, కొబ్బరి చెట్టు మీదుగా జారుతూ.

హెలికాప్టరుకూ పావురానికీ కూడా అరుస్తోంది. పిచ్చి పుంజా?

కుర్ర పుంజు. పైన ఏది కదిలినా దానికి గద్దే. వయసొచ్చేకొద్దీ తగ్గుతుంది. తప్పుడు అరుపు పది వచ్చినా నష్టం లేదు, అరవాల్సిన ఒక్కసారి అరవకపోతేనే పిల్ల పోతుంది.

అరిచిన పుంజే ముందుగా చెట్టు కింద దూరింది. పిరికిదా?

కాదు, తెలివైనది. చెట్టు కిందో పొదలోనో భద్రంగా ఉన్న పుంజు గద్దను చూసి ఎక్కువ సేపు అరుస్తుందని ఆస్ట్రేలియాలో ఎవాన్స్ బృందమే 2010 ప్రాంతంలో చూపించింది. బయట ఎండలో నిలబడి అరిస్తే గద్దకు ముందు కనబడేది తనే కదా. మనకు హీరోలా నిలబడాలని ఉంటుంది, దానికి రేపు కూడా బతకాలని ఉంటుంది.

గద్ద మీద పుంజు తిరగబడుతుందా?

పెద్ద నాటు పుంజును మన ఊరి నల్ల గద్ద సాధారణంగా ముట్టుకోదు. ఎదిగిన పెట్టను ఎత్తుకుపోయే బలం కూడా దానికి లేదు. మాంసం కొట్ల చుట్టూ, చెరువుల దగ్గరా గుంపులుగా తిరిగే ఈ గద్దలకు మన దొడ్లో కావాల్సింది పిల్లలే. డేగ ఇంకా చిన్నది కానీ ఇంకా చురుకు, చెట్ల మధ్య నుంచి దూసుకొస్తుంది. (పందేల భాషలో డేగంటే ఎర్ర పుంజు. ఇక్కడ నేను చెప్పేది నిజం డేగ.) పిల్ల మీద వాలిన గద్దను పుంజు ఎగిరి తన్నిన సందర్భాలు ఉన్నాయి, నేనొకటి చూశాను. కానీ గద్ద పని రెండు సెకన్లలో అయిపోతుంది. "గద్ద తన్నుకుపోయినట్టు" అన్న మాట ఊరికే పుట్టలేదు.

వీధి కుక్కలు వస్తే పుంజు ఆపగలదా?

ఆపలేదు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఒక కుక్కకు పుంజు నోటి నిండా వచ్చే బొమ్మ. మన దగ్గర అవి మూడూ నాలుగూ కలిసి వస్తాయి.

1,800 పెట్టి కొన్న ఆ గార్డ్ పుంజు వచ్చిన ఇరవయ్యో రోజు గేటు సరిగ్గా పడలేదు. రెండు కుక్కలు లోపలికి వచ్చాయి. నేను బట్టలు ఆరేస్తున్నాను. "కట్ కట్ కటాక్" వినబడి తిరిగి చూసేసరికి గార్డు గారు వాటర్ ట్యాంకు స్టాండు మీద ఉన్నారు. కిందే నిలబడింది మా దొర. మెడ ఈకలు గొడుగులా విప్పి, రెక్కలు దించి, కుక్కకు అడ్డంగా పక్కకు పక్కకు నడిచింది. ఒక కుక్క ఆగింది కూడా. రెండోది పక్క నుంచి వచ్చింది. నేను బకెట్టు విసిరి పరుగెత్తేసరికి దొర మెడ వేలాడిపోయింది. ఆ రోజు పెట్టలు తొమ్మిదికి తొమ్మిదీ బతికాయి, అన్నీ గూటి కిందా కట్టెల మోపు వెనకా దూరి ఉన్నాయి. దొర కొన్నది పది సెకన్లు, దాని ఖరీదు తనే.

కాబట్టి కుక్కకు మందు గేటు, కాంపౌండు, కింద సందు లేని జాలీ. పుంజు కాదు.

పిల్లి, ముంగిస సంగతి?

ఎదిగిన పుంజు ఎదురు నిలిస్తే పగటి పూట పిల్లి చాలాసార్లు వెనక్కి తగ్గుతుంది. పుంజు ఆయుధాలు పనికొచ్చేది ఈ సైజు వరకే. ముంగిస మొండిది, సందు చూసి మళ్లీ మళ్లీ వస్తుంది, గుడ్లకూ పిల్లలకూ ఎక్కువ ప్రమాదం. పుంజు అరుపు విని మీరు బయటికి రావడమే అసలు మందు. మా ఇంట్లో "కటాక్" వినబడితే పొయ్యి సిమ్‌లో పెట్టి వెళ్లడం అందరికీ అలవాటు.

పెట్టలు దాక్కోవడానికి ఏం పెట్టాలి?

ఎక్కడ మేస్తున్నా పది పన్నెండు అడుగుల్లో ఏదో ఒక కప్పు ఉండాలి. మందార, గుబురుగా పెరిగిన క్రోటన్లు, కరివేపాకు గుబుర్లు బాగుంటాయి. చెట్లు పెరిగేదాకా పాత బల్ల, ఇటుకల మీద పెట్టిన రేకు, వాలుగా ఆనించిన తలుపు చెక్క ఏదైనా సరే. రెండు వైపులా దారి ఉండాలి, ఒకే నోరున్న మూలలో కుక్క చేతికి దొరికిపోతాయి. పైన అడ్డదిడ్డంగా నైలాన్ దారాలు కట్టి పాత సీడీలు వేలాడదీస్తే గద్ద కొన్నాళ్లు తడబడుతుంది. తర్వాత దానికీ అలవాటవుతుంది, అప్పుడప్పుడూ చోటు మార్చాలి.

ఇద్దరం ఆఫీసుకు పోతాం. పుంజును నమ్మి పగలంతా బయట వదలొచ్చా?

మనిషి లేని ఇంట్లో పుంజు అరుపు వినేదెవరు? మీరున్న రెండు గంటలు బయట వదలండి, మిగతా వేళ పైకప్పున్న జాలీలో ఉంచండి. సాయంత్రం వదిలితే మేలు, చీకటి పడేసరికి వాటంతట అవే గూటికి వస్తాయి.

## రాత్రి

రాత్రిపూట పుంజు కాపలా కాస్తుందా?

కాయదు. కోడికి చీకట్లో కళ్లు సరిగా కనబడవు. పగలు అంత చురుగ్గా ఉన్న పుంజు రాత్రి దండెం మీద ఈకల మూట. చేత్తో ఎత్తినా మెల్లగా గొణిగి ఊరుకుంటుంది. నాకు ఎక్కువ కోళ్లు పోయింది రాత్రుళ్లే, అదీ పుంజు పక్కనే కూర్చుని ఉండగా. ఒకసారి గూటి తలుపు గొళ్లెం వేయడం మరిచి పెళ్లికి వెళ్లాం. పొద్దున వచ్చి చూస్తే మూడు పెట్టలు లేవు, పుంజు దండెం మీద అలాగే ఉంది, ముఖంలో ఏ మార్పూ లేదు.

బెంగుళూరులో పొద్దుగూకడం నవంబరులో 5:50 ప్రాంతం, జూలైలో 6:50 ప్రాంతం. గంట తేడా. ఏడాది పొడుగునా ఏడింటికి తలుపేస్తామంటే నవంబరులో గంటకు పైగా గూడు తెరిచి పెట్టినట్టే.

రాత్రి మూడింటికి కూసింది. ఏదో వచ్చిందనా?

అవసరం లేదు. పుంజు కూతకు లోపలే ఒక గడియారం ఉంది. మసక వెలుతురులోనే ఉంచినా తెల్లవారే వేళకు కాస్త ముందే కూస్తుందని జపానులోని నగోయాలో 2013లో తేల్చారు. దాని మీద వీధి దీపం, కారు లైటు, పక్క వీధి పుంజు కూత కూడా రెచ్చగొడతాయి. కూత వేరు, కలకలం వేరు. రెక్కలు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు, పెట్టల అరుపు వినబడితే టార్చి తీసుకుని వెళ్లండి.

గూటికి ఏ జాలీ వేయాలి?

కొట్లో "కోళ్ల జాలీ" అని ఇచ్చే ఆరు పలకల సన్న తీగది కోడిని లోపల ఉంచుతుంది, కుక్కను బయట ఉంచదు, పళ్లతో చింపేస్తుంది. వెల్డ్ మెష్ (తీగలు అతికించి చేసిన గట్టి జాలీ) తీసుకోండి, కింది రెండడుగులు అర అంగుళం గడిది. అంతకన్నా పెద్ద గడిలోంచి పిల్ల ఎలుకలూ చిన్న పాములూ దూరతాయి. గూటి చుట్టూ ఒక అడుగు వెడల్పున జాలీని నేల మీద పరిచి మట్టి కప్పితే పందికొక్కూ కుక్కా తవ్వలేవు. ఉత్త గొళ్లెం చాలదు, దానికి ఒక కొక్కెం కూడా.

పాము వస్తే పుంజు ఏం చేస్తుంది?

పగలైతే చుట్టూ చేరి అరుస్తాయి, పుంజు పెట్టలూ అందరూ. ఆ గోల విని మనం వెళ్లాలి. రాత్రి ఏమీ చేయదు. గుడ్లకు వచ్చేది ఎక్కువగా జెర్రిపోతు, దానికి విషం లేదు. నాగుపాము కూడా వస్తుంది కాబట్టి దగ్గరికి పోకుండా పాములు పట్టేవాళ్లను పిలవండి.

చిరుత?

బన్నేరుఘట్ట, కనకపుర వైపు అడవి అంచు ఇళ్లకు ఈ భయం నిజమే. అక్కడ పుంజు గురించి కాదు, అటవీ శాఖ నంబరు గురించి ఆలోచించండి. కోళ్లు, కుక్క రెండూ రాత్రి గట్టి గోడల లోపలే.

## పిల్లల కోడి

పిల్లల్ని పుంజు చూసుకుంటుందా?

అసలు కాపలా తల్లిదే. పిల్లల కోడి ముందు పుంజు కూడా పక్కకు తప్పుకుంటుంది. గద్ద నీడ పడితే తల్లి ఒక్క పిలుపు పిలుస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి. కుక్క మీదికి సైతం ముక్కుతో దూకే పెట్టల్ని చూశాను. పుంజు మంచిదైతే పిల్లల్ని పొడవకుండా, గింజ చూపించి పిలుస్తుంది. పొడిచేదైతే నెల వచ్చేదాకా విడిగా ఉంచాల్సిందే.

మొదటి మూడు నాలుగు వారాలు పిల్లల మీద గంప బోర్లించడం మన పెద్దవాళ్ల పద్ధతి. దాన్ని మించింది నాకింకా కనబడలేదు. కాకిని తక్కువ అంచనా వేయొద్దు. మా ఇంట్లో గద్ద కన్నా కాకులు, జెముడు కాకులే ఎక్కువ పిల్లల్ని ఎత్తుకెళ్లాయి.

## ఏదైనా జరిగాక

ఏది వచ్చి తిన్నదో ఎలా తెలుసుకోవాలి?

పట్టపగలు పిల్ల మాయమై ఈక కూడా లేకపోతే గద్ద, కాకి. నాలుగైదు కోళ్లు చంపి తినకుండా పడేసి ఉంటే కుక్క. మెడ దగ్గర కొరుకు ఉండి కోళ్లు గూట్లోనే పడి ఉంటే ముంగిసో, చెట్లెక్కి తిరిగే మానుపిల్లో. రాత్రి పిల్ల ఒక్కోటిగా తగ్గుతూ నేల మీద కన్నం కనబడితే పందికొక్కు. గుడ్డు పెంకు కూడా మిగలకుండా పోతే పాము, పెంకు పొడిచి అక్కడే ఉంటే కాకి. నూటికి నూరు పాళ్లు సరిపోదు కానీ ఎక్కడ జాలీ వేయాలో చెబుతుంది. చాలామంది పొరపాటు ఇక్కడే: కన్నం నేలలో ఉంటే పైన వల కడతారు.

పుంజుకు కుక్క కాటు పడింది. ఏం చేయాలి?

ఈకలు పక్కకు తీసి చూడండి, పైకి చిన్న గాటు కనబడినా లోపల లోతుగా ఉంటుంది. ఉప్పు నీళ్లతో కడిగి, బెటాడిన్ రాసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న గంపలో ఒంటరిగా ఉంచండి. మిగతా కోళ్లు రక్తం చూస్తే అక్కడే పొడుస్తాయి. ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించండి, కుక్క పంటి గాయం చీము పట్టడం త్వరగా జరుగుతుంది.

విడిపించే కంగారులో కుక్క మిమ్మల్ని కరిస్తే, గీరినా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు కారే నీళ్ల కింద కడిగి ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. కోడి సంగతి తర్వాత.

దాడి తర్వాత పెట్టలు గుడ్లు పెట్టడం మానేశాయి. పుంజు పోయిన బెంగా?

బెదురు. వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీళ్లు, మేత, చోటు మార్చకుండా ఉంచండి. కొత్త పుంజును ఆ వారంలోనే తెచ్చి ఇంకో కొత్త గొడవ పెట్టకండి.

కుక్కలకో ముంగిసకో విషం పెడితే?

పెట్టకండి. కుక్కకు విషం పెట్టడం నేరం. గద్ద, ముంగిస, మానుపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. చట్టం పక్కన పెట్టినా, విషం తిన్న ఎలుక మీ దొడ్లోనే పడుతుంది, దాన్ని ముందు పొడిచేది మీ కోడే.

పుంజు పోయింది. ఇంకోటి తేవాలా?

ముందు అది ఎలా పోయిందో ఆ సందు మూయండి. మా గేటు గొళ్లెం మార్చి, కింద రేకు కొట్టించాకే దొర కొడుకును మందలో వదిలాను. అప్పటికి దానికి ఎనిమిది నెలలు. గార్డు గారు మాత్రం ఇంకా ఉన్నారు. కుక్క మొరిగితే ఇప్పటికీ ట్యాంకు స్టాండు ఎక్కి అక్కడి నుంచి గట్టిగా అరుస్తారు. ఎత్తు మీద ఉంటారు కాబట్టి మాకు బాగానే వినబడుతుంది.